స్టీరింగ్ మీద చేతులు ఎక్కడ పెట్టాలి? 10-2 ఆ, 9-3 ఆ? గేరు మార్చేటప్పుడు బండి కుడికి పోతోంది

ఎల్‌బోర్డు_భీమవరం

నమస్కారం అండి. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) వచ్చింది, డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుంటున్నాను. స్కూల్ బండి పవర్ స్టీరింగ్ లేని పాత మారుతి 800. ఇంట్లో ఉన్నది 2021 వ్యాగన్ఆర్, మాన్యువల్ గేరు. ఈ కింది విషయాల్లో తేడా తెలియడం లేదు, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పగలరు.

గడియారంలో 10, 2 అంకెలుండే చోట పట్టుకోమని స్కూల్లో అంటున్నారు. వీడియోల్లో చూస్తే 9-3 అంటున్నారు. ఏది అలవాటు చేసుకోవాలి?

రెండు నుంచి మూడో గేరుకి వేసే ప్రతిసారీ బండి కుడికి, డివైడర్ వైపు జరుగుతోంది.

సందులోకి ఎడమకి తిరిగేటప్పుడు చేతులు మెలికపడుతున్నాయి. తిరిగాక చక్రం నిటారు చేసేలోపే బండి ఎడమ అంచు మీదకి వెళ్ళిపోతోంది. స్టీరింగ్ వదిలేస్తే దానంతటదే వెనక్కి వస్తుంది కదా, అలా వదిలేయొచ్చా?

టై_రాడ్

9-3 అలవాటు చేసుకోండి. 2019 జులై నుంచి మన దేశంలో కొత్త కార్లకి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి, కాబట్టి మీ ఇంటి బండిలో అది ఉంది. చేతులు ఎక్కడుండాలో ఇప్పుడు నిర్ణయించేది ఆ బ్యాగే.

10-2 పవర్ స్టీరింగ్ లేని రోజుల పద్ధతి. అప్పట్లో చక్రం పెద్దది, తిప్పడానికి బలం కావాలి. చేతులు పైన ఉంటే భుజాల బరువు మోపి కిందికి లాగడం తేలికగా ఉండేది. మీ స్కూల్ బండికి అది ఇప్పటికీ పనికొస్తుంది, అందుకే మాస్టారు అలా నేర్పుతున్నారు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో లెక్క వేరు. గుద్దుకున్నప్పుడు బ్యాగ్ పూర్తిగా ఉబ్బడానికి సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. హారన్ మూత చీలి, బ్యాగ్ మీ వైపు తోసుకొస్తుంది. చేతులు చక్రం పై భాగంలో ఉంటే, దాని దారిలో ఉన్నట్టే. ముంజేతిని ఎత్తి మొహం మీదకి విసురుతుంది. ముంజేయి విరగడం, పెట్టుకున్న వాచీయో గాజులో మొహానికి తగలడం ఇలాగే జరుగుతుంది. 9-3లో చేతులు బ్యాగ్‌కి రెండు పక్కలా ఉంటాయి, దారికి అడ్డం రావు.

8-4 కూడా ఎయిర్‌బ్యాగ్ పరంగా మంచిదే, కొన్ని దేశాల్లో అది కూడా నేర్పుతారు. మన రోడ్లకి నేను 9-3 అనే అంటాను. గుంతలో పడ్డప్పుడు, కుక్క అడ్డం వచ్చినప్పుడు ఒక్కసారిగా తిప్పాలంటే 8-4లో చేతులు అప్పటికే కిందుంటాయి, తిప్పడానికి చోటు తక్కువ. 9-3లో చేతులు తీయకుండానే అటు ఇటు దాదాపు మూడో వంతు చుట్టు తిప్పొచ్చు.

అయితే చేతుల కన్నా ముందు సీటు సంగతి చూడండి. సీటు తప్పైతే 9-3 నిలవదు, రెండు నిమిషాల్లో చేతులు జారి ఎక్కడికో పోతాయి. వరస ఇదీ: నడుము సీటు మూలకి ఆనేలా కూర్చోండి. క్లచ్ పూర్తిగా తొక్కి చూడండి, అప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలి. కాలు నిటారుగా చాచాల్సి వస్తే సీటు దూరమైంది. తర్వాత వీపు సీటుకి ఆనించే ఉంచి, చెయ్యి చాచి చక్రం పై అంచు మీద పెట్టండి. మణికట్టు ఆనాలి. అరచెయ్యి ఆగిపోతే సీటు వీపు మరీ వెనక్కి వాలింది, ముంజేయి ఆనితే మరీ దగ్గరైంది. ఇది కుదిరితే 9-3లో మోచేతులు వదులుగా వంగి ఉంటాయి, భుజాలు సీటు నుంచి లేవవు. చివరగా స్కేలు పెట్టి ఛాతీ ఎముక నుంచి హారన్ మధ్య వరకు కొలవండి. 25 సెం.మీ. కన్నా తక్కువ ఉండకూడదు.

స్టీరింగ్ ఎత్తు సర్దే టిల్ట్ లివర్ స్టీరింగ్ కాలమ్ కింద ఉంటుంది. బండి ఆగి ఉన్నప్పుడే వాడాలి. చక్రం అంచు స్పీడోమీటర్‌ని కప్పకుండా, మధ్య భాగం మొహానికి కాక ఛాతీకి ఎదురుగా ఉండేలా పెట్టి, లివర్ గట్టిగా బిగించారో లేదో ఓసారి ఊపి చూడండి.

బొటనవేళ్ళు చక్రం లోపలికి కొక్కెంలా చుట్టొద్దు. అంచు మీద పొడుగ్గా ఆనించండి. ముందు చక్రం గుంత అంచుకి కొట్టుకున్నప్పుడు స్టీరింగ్ విదిలిస్తుంది. పవర్ స్టీరింగ్ లేని మీ స్కూల్ బండిలో ఆ విదిలింపు ఇంకా ఎక్కువ. స్పోకు వచ్చి బొటనవేలికి తగిలిందంటే బెణుకుతుంది. పట్టు మరీ గట్టిగా ఉండాల్సిన పని లేదు. గోళ్ళు తెల్లబడుతున్నాయంటే అంత గట్టిగా పట్టుకున్నారన్నమాట. అలాంటి పట్టుతో చిన్న చిన్న సర్దుబాట్లు చెయ్యలేరు, బండి అటూ ఇటూ ఊగుతుంది.

రైట్‌హ్యాండ్_వరంగల్

గేరు దగ్గర కుడికి పోవడం గురించి నేను చెప్తా. మన బండ్లలో గేరు ఎడమ చేత్తో వేస్తాం. ఎడమ చెయ్యి లేచిన క్షణం నుంచి చక్రం అంతా కుడి చేతి మీదే ఉంటది. కొత్తవాళ్ళు ఆ చేతిని చక్రానికి వేలాడదీస్తారు. 3 దగ్గర ఉన్న చెయ్యి బరువుకి కిందికి దిగితే చక్రం కుడికే తిరుగుతది, బండి డివైడర్ వైపు, డివైడర్ లేని రోడ్డైతే ఎదురొచ్చే బండి వైపు పోతది. క్లచ్ తొక్కేటప్పుడు నడుము కదిలినా ఇంతే. సీటు దూరంగా ఉన్నోళ్ళు క్లచ్ కోసం కిందికి జారుతూ, పడిపోకుండా చక్రాన్ని పట్టుకుని వేలాడతారు.

చెయ్యాల్సింది: గేరు వేసే ముందు కుడి మోచెయ్యి కిటికీ అంచు మీద నుంచి తీసేయండి. 3 దగ్గర నాలుగు వేళ్ళు వెనక, బొటనవేలు ముందు. భుజం వదులుగా ఉంచి, చేతి బరువు చక్రం మీద కాదు, భుజం మీద ఉండాలి. కళ్ళు దూరంగా రోడ్డు మీదే ఉండాలి. గేరు రాడ్ చూడటానికి తల కిందికి వంచితే చెయ్యి కూడా దాంతోపాటే కదులుతది.

రెండు నుంచి మూడుకి పోయేటప్పుడు ఇంకో తప్పు జరుగుతది. గేరు రాడ్‌ని పిడికిట్లో బిగించి పైకి, కుడికి నెట్టుతారు, ఒళ్ళంతా కుడికి ఒరుగుతది. అలా కాదు. అరచెయ్యి రాడ్ మీద తెరిచి ఉంచి, ముందుకు న్యూట్రల్ దాకా నెట్టండి, స్ప్రింగ్ దాన్నే మధ్యకి తెస్తది, ఇంకొంచెం ముందుకు నెడితే మూడో గేరు పడుతది. పక్కకి బలం పెట్టే పనే లేదు.

సాధన కోసం ఖాళీ రోడ్డు మీద తెల్ల గీత ఎంచుకోండి, పక్కన లైసెన్స్ ఉన్నోళ్ళని కూర్చోబెట్టుకోండి. గంటకి 20 కి.మీ. వేగంలో గేరు మార్చకుండా ఎడమ చెయ్యి రాడ్ మీద పెట్టి, వెనక్కి 9కి తెచ్చి, మళ్ళీ రాడ్ మీద పెట్టండి. గీతకీ బండికీ మధ్య దూరం మారకుండా వచ్చాక క్లచ్ కలపండి. ఆ తర్వాత గేరు మార్చండి. మూడు పనులూ ఒకేసారి మొదలుపెడితే ఏది తప్పవుతుందో తెలియదు.

గేరు పడ్డాక ఎడమ చెయ్యి రాడ్ మీదే ఉంచే అలవాటు చాలామందిలో ఉంది. వెంటనే 9కి తెచ్చేయండి. ఒక్క చేత్తో స్టీరింగ్ పట్టుకున్నప్పుడు గుంత కొడితే సర్దుకునే బలం ఉండదు. రాడ్ మీద చేతి బరువు ఉంటే గేర్‌బాక్స్ లోపల గేర్లని జరిపే సెలెక్టర్ ఫోర్కు కూడా ఊరికే అరుగుతది.

టై_రాడ్

@రైట్‌హ్యాండ్_వరంగల్ గారు చెప్పిందానికి ఒకటి కలుపుతాను. మారుతి, హ్యుందాయ్ బండ్లలో ఇండికేటర్ కాడ కుడి పక్కన ఉంటుంది. 3 దగ్గర చెయ్యి తీయకుండానే వేళ్ళు చాచి వేసుకోవచ్చు. ఎడమ చేత్తో గేరు వేస్తూనే కుడి వేళ్ళతో ఇండికేటర్ వేయడం కుదిరేది అందుకే. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్‌లలో కాడ ఎడమ పక్కన ఉంటుంది, అవి నడిపేవాళ్ళు ముందు ఇండికేటర్ వేసి, తర్వాత గేరు రాడ్ మీదకి వెళ్ళాలి. హారన్ బొటనవేలితో నొక్కండి. అరచెయ్యి మధ్యలో పెట్టి కొట్టేవాళ్ళు ఎక్కువ. గుద్దుకోబోతున్నప్పుడే హారన్ గట్టిగా కొడతాం, సరిగ్గా అప్పుడే చెయ్యి బ్యాగ్ మీద ఉంటుంది.

యూటర్న్

మలుపుల గురించి. చేతులు మెలికపడటానికి కారణం, ఏ మలుపుకి ఏ పద్ధతో ముందే అనుకోకపోవడం. పద్ధతులు రెండు.

కదులుతున్న బండిలో మామూలు మలుపులకి లాగి-తోయడం. ఎడమకి తిరగాలంటే ఎడమ చెయ్యి 12 దగ్గరికి జరిపి, అక్కడ పట్టుకుని 6 దాకా కిందికి లాగండి. అదే సమయంలో కుడి చెయ్యి వదులుగా జారుతూ తన వైపే 6కి దిగుతుంది. ఇప్పుడు కుడి చెయ్యి పట్టు బిగించి 6 నుంచి 12 దాకా పైకి తోస్తుంది, ఎడమ చెయ్యి వదులుగా తన వైపు పైకి జారుతుంది. చాలేదాకా ఇంతే. ఎడమ చెయ్యి కుడి సగంలోకి పోదు, కుడి చెయ్యి ఎడమ సగంలోకి రాదు. చేతులు ఎప్పుడూ బ్యాగ్ మీదుగా దాటవు. నిటారు చేసేటప్పుడు సరిగ్గా దీనికి తిరగబడిన వరస.

డివైడర్ దగ్గర యూటర్న్, పార్కింగ్, ఇరుకు సందు మలుపు లాంటి చోట్ల, నడక వేగంలో, ఒక చేతి మీదుగా ఇంకో చెయ్యి వేసే పద్ధతి త్వరగా పని అవుతుంది. యూటర్న్ కుడికి కాబట్టి, ఎడమ చేత్తో 9 నుంచి పైకి, 12 దాటించి 2 దాకా తోయండి. కుడి చెయ్యి వదిలి, ఎడమ ముంజేతి మీదుగా వెళ్ళి 11 దగ్గర పట్టుకుని కిందికి 3 దాకా లాగాలి. ఈలోపు ఎడమ చెయ్యి వదిలి 9కి వచ్చేస్తుంది. స్కూళ్ళలో దీన్ని తప్పంటారు గానీ, వేగం 15 దాటనంత వరకు తప్పేమీ లేదు. 40లో ఇలా తిప్పడం మాత్రం తప్పే, అంత వేగంలో అన్ని చుట్లు అవసరమయ్యే మలుపు లేదు, ఉంటే మీరు బ్రేకు ముందే వేసి ఉండాలి.

ఒకటి మాత్రం ఏ వేగంలోనూ చెయ్యొద్దు. చక్రం లోపల నుంచి అరచెయ్యి పైకి తిప్పి పట్టుకుని లాగడం. బరువు స్టీరింగ్ రోజుల నుంచి వచ్చిన అలవాటు. చక్రం ఉన్నట్టుండి వెనక్కి తిరిగితే చెయ్యి స్పోకు మధ్య ఇరుక్కుంటుంది, బ్యాగ్ విచ్చుకుంటే మణికట్టు పోతుంది.

మీ ఎడమ అంచు సమస్య చేతులది కాదు, కళ్ళది. మీరు మలుపులో ఉండగా బానెట్ ముందు చూస్తున్నారు. బండి ముక్కు కొత్త రోడ్డు వైపు తిరిగాక అప్పుడు నిటారు చేయడం మొదలుపెడితే ఆలస్యమే. స్టీరింగ్‌ని సుమారు 15 డిగ్రీలు తిప్పితే ముందు చక్రాలు ఒక డిగ్రీ తిరుగుతాయి, అంటే తిప్పినంత వెనక్కి తిప్పడానికి సమయం కావాలి. మలుపు సగంలో ఉండగానే సందులో 20, 30 మీటర్ల దూరాన్ని చూడండి, బండి అటు ముఖం తిప్పడానికి ఇంకా కొంచెం ఉందనగానే వెనక్కి తిప్పడం మొదలుపెట్టండి. రెండో గేరు, గంటకి 15 కి.మీ., గేరూ బ్రేకూ మలుపుకి ముందే అయిపోవాలి. మలుపు మధ్యలో గేరు మారుస్తుంటే చక్రం మీద ఒక్క చెయ్యే ఉంటుంది.

వదిలేయొచ్చా అన్నారు. పూర్తిగా వదలొద్దు. బండి ముందుకు కదులుతుంటే ముందు చక్రాల అమరిక వల్ల స్టీరింగ్ మధ్యకి రావడానికి చూస్తుంది, నిజమే. కానీ ఎంత త్వరగా, ఎంతవరకు వస్తుందో వేగం మీద, రోడ్డు వాలు మీద, టైర్లలో గాలి మీద ఆధారపడుతుంది. నెమ్మదిగా పోతుంటే సగంలో ఆగిపోతుంది. రెండు అరచేతులూ అంచుకి ఆనించి వేళ్ళు వదులు చేయండి, చక్రం చేతుల మధ్య జారుతూ రావాలి, మీకు కావాల్సిన చోట వేళ్ళు బిగిస్తే ఆగాలి.

గాజులు_గేర్లు

నాదీ ఇదే దారిలో ప్రశ్న. ఎత్తు అయిదడుగులు కూడా లేదు. క్లచ్ అందాలంటే సీటు బాగా ముందుకి జరపాలి, అప్పుడు స్టీరింగ్ ఛాతీకి మరీ దగ్గరవుతోంది, 25 సెం.మీ. రావట్లేదు. ఏం చేయాలి?

టై_రాడ్

అమ్మా, సీటు ముందుకే ఉంచి, సీటు వీపుని ఒకటి రెండు మెట్లు వెనక్కి వాల్చండి. కాళ్ళు అందుతాయి, ఛాతీ వెనక్కి జరుగుతుంది. ఎత్తు పెంచే లివర్ ఉంటే సీటు పైకి లేపండి. పైకి లేచినకొద్దీ కాళ్ళు కిందికి దిగుతూ పెడల్‌ని చేరతాయి కాబట్టి, ముందుకి జరపాల్సింది కొంత తగ్గుతుంది. టిల్ట్‌తో చక్రాన్ని కిందికి దించండి. స్టీరింగ్ ముందుకీ వెనక్కీ జరిగే సౌకర్యం పై వేరియంట్లలోనే ఉంటుంది, ఉంటే దాన్ని డాష్‌బోర్డు వైపు నెట్టండి. బండి ఇంకా కొనకపోతే షోరూంలో కూర్చుని స్కేలుతో కొలిచాకే నిర్ణయించుకోండి, రంగు కన్నా ఇది ముఖ్యం.

సీటు ఎత్తు లివర్ లేకపోతే గట్టి దిండు వాడొచ్చు. మెత్తటిది, జారేది వద్దు. బ్రేకు తొక్కినప్పుడు దిండుతో పాటు మీరూ ముందుకి జారితే సీటు బెల్టు నడుము పట్టీ పొట్ట మీదకి ఎక్కుతుంది.

ఎల్‌బోర్డు_భీమవరం

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఇంకొక్కటి. ఆర్టీవో ట్రాక్ మీద 8 అంకె, హెచ్ ఆకారాల్లో దారులు ఉంటాయి కదా. రివర్స్‌లో కూడా 9-3 ఏనా?

యూటర్న్

8లో 9-3తో మొదలుపెట్టి లాగి-తోయడం చాలు. మొదటి గేరు, సగం క్లచ్, నడక వేగం. 8లో తప్పు జరిగేది రెండు గుండ్రాలు కలిసే చోట. అక్కడ చక్రం ఒక చివర నుంచి నిటారు దాటి రెండో చివరకి పోవాలి. కూడలికి చేరాక మొదలుపెడితే గీత తొక్కుతారు. కూడలికి కారు పొడవు ముందే విప్పడం మొదలుపెట్టండి. చక్రం నిటారు అయిందో లేదో తెలియాలంటే మధ్యలో లోగో చూడొద్దు, ఒక చుట్టు అదనంగా ఉన్నా లోగో నిటారుగానే కనబడుతుంది. బండి కదలికనే చూడండి. లేదా నిటారు నుంచి చివరి దాకా మీ బండిలో ఎన్ని చుట్లో ముందే తెలుసుకోండి. చాలా చిన్న కార్లలో అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర, కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

రివర్స్ వేరే లెక్క. నిటారుగా వెనక్కి పోవాలంటే ఎడమ చెయ్యి పక్క సీటు వెనక పెట్టి, నడుము ఎడమకి తిప్పి, వెనక కిటికీ అద్దంలోంచి చూస్తూ, కుడి చెయ్యి ఒక్కటే 12 దగ్గర పట్టుకోండి. ముందుకి నడిపేటప్పుడు వద్దన్న చోటే, ఇక్కడ నడక వేగం కాబట్టి పరవాలేదు. ఈ పట్టులో సౌకర్యం ఏంటంటే, చక్రం పై అంచుని ఎటు జరిపితే బండి వెనక భాగం అటే పోతుంది. హెచ్‌లో మూల తిరిగేటప్పుడు ఎక్కువ చుట్లు కావాలి, అప్పుడు రెండు చేతులూ తీసుకొచ్చి అద్దాల్లో చూస్తూ తిప్పండి. రివర్స్‌లో స్టీరింగ్ దానంతటది మధ్యకి రాదు, పూర్తిగా మీరే తేవాలి. ముందుకి నడిపిన అలవాటులో వదిలేసి చాలామంది ట్రాక్ అంచున పాతిన కర్రకి బండి తగిలించేది ఇక్కడే.

బండి ఆగి ఉండగా చక్రం తిప్పకండి. కొంచెం దొర్లుతుండగా తిప్పండి. నిలబెట్టి తిప్పితే టైరు ఒకే చోట రాసుకుంటుంది, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ మోటారు మీద భారం పడుతుంది. చివరి దాకా తిప్పి అక్కడే నొక్కిపట్టడమూ అంతే. మోటారు వేడెక్కితే తనని కాపాడుకోవడానికి సాయం తగ్గించుకుంటుంది, చక్రం బరువెక్కుతుంది. చివరికి తగిలాక వేలెడంత వెనక్కి వదలండి.

ఘాట్‌దారి

హైవే మీదకి వెళ్ళే ముందు ఒక మాట. 80 వేగంలో స్టీరింగ్ 15 డిగ్రీలు తిప్పడమంటే, గడియారంలో సగం అంకె దూరం. అంతకే బండి విసురుగా పక్క లేన్‌లోకి దూకుతుంది. లేన్ మారడానికి అందులో కొంత చాలు. మోచేతులు కాదు, వేళ్ళు, మణికట్లు కదిలితే సరిపోతుంది. సిటీలో లాగి-తోసే అలవాటుతో ఎన్‌హెచ్ 65 మీద తిప్పబోతే బండి అదుపు తప్పుతుంది.

మన వేసవిలో గాలి తక్కువున్న పాత టైర్లు పేలడం కొత్త కాదు. ముందు టైరు పేలితే బండి ఆ పక్కకి గట్టిగా లాగుతుంది. అప్పుడు 9-3లో రెండు చేతులుంటేనే పట్టి ఉంచగలరు. స్టీరింగ్‌ని నిటారుగా గట్టిగా పట్టి ఉంచండి, యాక్సిలరేటర్ మెల్లగా వదలండి, బ్రేకు గట్టిగా తొక్కొద్దు, వేగం బాగా తగ్గాక ఎడమ పక్కకి తీయండి.

ఘాట్‌లో హెయిర్‌పిన్ వంపుకి ముందే గేరు దించి, వంపంతా రెండు చేతులతో తిరగండి. మారేడుమిల్లి లాంటి ఇరుకు దారిలో ఎదురుగా బస్సు వస్తే, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపొద్దు. పవర్ స్టీరింగ్ సాయం పోతుంది, బ్రేకు తొక్కుకి బలం కలిపే బూస్టర్ ఒకటి రెండు తొక్కులకే ఖాళీ అవుతుంది. తాళం చెవి తీస్తే స్టీరింగే లాక్ అవుతుంది.

ఇంక, యాక్సెసరీ షాపువాళ్ళు బండి కొన్న రోజే రెండు వస్తువులు అంటగడతారు. మొదటిది పవర్ హ్యాండిల్, చక్రం మీద బిగించే గుండ్రటి పిడి. చొక్కా చెయ్యి దానికి తగులుకుంటుంది, చక్రం వెనక్కి తిరిగేటప్పుడు వేళ్ళకి కొడుతుంది, గుద్దుకుంటే ఛాతీకి గుచ్చుకునేది అదే. రెండో చేతికి పట్టు ఉన్నవాళ్ళకి దాని అవసరం లేదు. రెండోది లావుపాటి స్టీరింగ్ కవర్. బిగుతుగా కుట్టిన తోలు కవరైతే సరే. ఎలాస్టిక్‌తో తొడిగేది ఎండకి సాగి, మీరు తిప్పితే కవర్ తిరుగుతుంది, చక్రం తిరగదు. రెండు చేతులతో కవర్‌ని గట్టిగా మెలిపెట్టి చూడండి. అంగుళం జారినా తీసి పారేయండి.

రైట్‌హ్యాండ్_వరంగల్

@ఎల్‌బోర్డు_భీమవరం, ఇవన్నీ చేశాక కూడా బండి ఒక పక్కకే పోతుంటే మొదట టైర్లలో గాలి చూపించండి. డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన చీటీలో ఎంత ఉండాలో రాసి ఉంటది. గాలి సరిగ్గా ఉండి, చదును రోడ్డు మీద నేరుగా పోతున్నప్పుడు లోగో వంకరగా ఉంటే వీల్ అలైన్‌మెంట్ చేయించండి. రోడ్డు ఎడమ అంచుకి వాలుగా ఉంటది కాబట్టి ఎడమకి కొద్దిగా లాగడం మామూలే, కుడికి లాగితే మాత్రం చూపించాల్సిందే.